సంతానము సొత్తా? దాసోహమా?

పంచారామములలో ఒకటియైన పాలకొల్లు క్షీరారామమునకు ఉపమన్యుని కథ ముడివడియున్నది. మేనమామ ఇంట ఒకనాడు పాలు రుచిచూచిన ఆ పసివాడు తన ఇల్లు చేరి పాల కొరకు ఏడ్చెను. తల్లి పేదరాలు. నీటిలో పిండి కలిపి పాలని చెప్పి త్రాగింపబోగా బాలుడు రుచి కనిపెట్టి మరింత ఏడ్చెను. తుదకు శివుడే వానికి పాలను ప్రసాదించెను. ఈ కథను చెప్పుకొనునప్పుడు అందరి దృష్టియు శివానుగ్రహముమీదనే నిలుచును. అందులో లేని రెండు మాటలను ఎవరును గమనింపరు. "పాలు మా ఇంటనే కలవు, కనుక బాలుడు మా యొద్దనే ఉండవలెను" అని మేనమామ ఇంటివారు పట్టుపట్టినట్లు కథలో లేదు. "మీరు పాలు చూపి నా బిడ్డ మనసు విరిచితిరి" అని తల్లి వారిని నిందించినట్లును లేదు.

కథలో లేని ఆ రెండు మాటలే నేడు గోదావరి జిల్లాల న్యాయస్థానములలో అర్జీల రూపమున వినవచ్చుచున్నవి. మనుమని కొరకు తాత, కుమారుని కొరకు తండ్రి ఒకే న్యాయమూర్తి యెదుట చెరియొక వైపున నిలుచుచున్నారు. తుదితీర్పు వచ్చువరకు బిడ్డ ఎవరి యొద్ద ఉండవలెను అను తాత్కాలిక సంరక్షణ ప్రశ్న ఈ వ్యాజ్యములలో మొట్టమొదటిది. ఇంటరిం కస్టడీ అని వకీళ్ళు దానిని పిలుతురు. పేరు తాత్కాలికమే గాని, పెక్కు సందర్భములలో అదియే తుదిదియు అగుచున్నది.

ఈ వివాదములు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. కోనసీమనుండియు, నరసాపురము, భీమవరము ప్రాంతములనుండియు స్త్రీలు కువైటు, ఖతారు, మస్కటు, దుబాయి మున్నగు చోట్లకు ఇంటిపనులకై కొన్ని దశాబ్దములుగా పోవుచున్నారు. పసిబిడ్డను పెద్దల చేతిలో పెట్టి విమానమెక్కిన యువతి నెలనెలా జీతము పంపును. రెండేండ్లకో మూడేండ్లకో వచ్చి నెల దినములుండి మరల పోవును. చదువుకొన్నవారి ఇండ్లలో ఇదే వేరొక రూపమున జరుగును. అమెరికాలో ఉద్యోగములు చేయు దంపతులు బిడ్డను కొంతకాలము తణుకులోనో అమలాపురములోనో అవ్వతాతల యొద్ద ఉంచుదురు. అంతవరకు తప్పు పట్టవలసినది లేదు. ఉమ్మడి కుటుంబము సడలిన పిమ్మట దానిలో మిగిలిన మంచి అదియొక్కటే యేమో. కాని కన్నవారిలో ఒకరు మరణించినను, ఆలుమగలు విడిపోయినను ఆ అప్పగింత అప్పగింతగా నిలువదు. బిడ్డ ఎవరి ఇంట ఉన్నదో వారి పట్టు బిగియును.

చట్టము చెప్పునది స్వల్పము. 1890 నాటి సంరక్షకుల, సంరక్షితుల చట్టములోని పండ్రెండవ విభాగము, విచారణ ముగియకమునుపే బిడ్డను హాజరుపరచుమని ఆజ్ఞాపించుటకును, తాత్కాలికముగా ఒకరి వశమున ఉంచుటకును న్యాయమూర్తికి అధికారమిచ్చుచున్నది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము తండ్రిని, ఆయన తరువాత తల్లిని సహజ సంరక్షకులని పేర్కొని, ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి యొద్ద ఉండవలెనని చెప్పి, పదుమూడవ విభాగమున బిడ్డ క్షేమమే అన్నిటికంటె ముఖ్యమని నిర్ణయించినది. (ఆ చట్టము ఎవరికి వర్తించునో తెలుపు మూడవ విభాగమున వీరశైవుల పేరును, లింగాయతుల పేరును ప్రత్యేకముగా వ్రాసియున్నారు. కనుక ఇది పొరుగువారి గొడవయని వీరశైవ కుటుంబములు తప్పుకొనుటకు వీలులేదు.) 1984 నాటి చట్టము వలన ఏర్పడిన కుటుంబ న్యాయస్థానములు మొదట రాజీకి యత్నింపవలెనని ఆ చట్టపు తొమ్మిదవ విభాగము విధించుచున్నది. సహజ సంరక్షకుల వరుసలో అవ్వతాతలు లేరు. వారు బంధువులుగా అర్జీ పెట్టుకొనవచ్చును. బిడ్డ క్షేమమను ద్వారముననే లోనికి రావలెను.

బిడ్డలు తల్లిదండ్రుల సొత్తును కారు, ఆటవస్తువులును కారు అని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పెను. ఆ పిమ్మటి తీర్పులు ఒకే వైపునకు ఒరగలేదు. 2010లో బెంగుళూరునుండి వచ్చిన వ్యాజ్యమున, తండ్రి బ్రతికియున్నను విచారణ ముగియువరకు బిడ్డలు మరణించిన తల్లివైపు వారి యొద్దనే ఉండుట మేలని తేల్చిరి. 2019లో కాన్సరుతో తల్లి పోయిన పసిబిడ్డను, పెంచుచున్న తల్లి తోబుట్టువు యొద్దనుండి తండ్రికి ఇప్పించిరి. 2021లో కోవిడు వలన నెలదినముల వ్యవధిలో తల్లిదండ్రులిరువురను కోల్పోయిన అహమ్మదాబాదు బాలుని 2022 జూన్ నెలలో పితామహులకు అప్పగించిరి. వయసు మళ్ళినవారు, పింఛనుపై బ్రతుకువారు అను కారణము వారిని త్రోసిపుచ్చుటకు చాలదనిరి. ఒక్కొక్క బిడ్డ కథ ఒక్కొక్కటి. సూత్రము వెదకువారికి ఈ తీర్పులలో క్షేమమను ఒక్క మాట తప్ప మరేమియు దొరకదు. ఆ మాటను నింపవలసినది కుటుంబమే.

ఊహకు ఒక ఇంటిని తీసికొనవచ్చును. రాజోలు దరి ఒక గ్రామము. భర్త మరణించిన యువతి ఏడాదిన్నర కూతురును అత్తమామల చేతిలో పెట్టి కువైటు వెళ్ళెను. ఐదేండ్లు అక్కడ పరుల వంటయింట చాకిరి చేసి పంపిన సొమ్ముతో భర్త చేసిన అప్పు తీరినది. తాటాకుల ఇంటి చోట డాబా లేచినది. పిల్ల బడిలో చేరినది. ఆ ఐదేండ్లును జ్వరము వచ్చినప్పుడు నుదుట తడిగుడ్డ వేసినది, భోగినాడు తలపై రేగుపండ్లు పోసినది, రాత్రి ఉలికిపడి లేచినప్పుడు ప్రక్కన ఉన్నది మామ్మ. పోయిన కొడుకు ముఖము ఆమెకు ఈ పిల్లలో కనబడును. తల్లి తిరిగి వచ్చెను. "అత్తయ్యగారూ, పిల్లని నాతో రాజమండ్రి తీసుకెళ్తానండీ" అనెను. "ఎవరి పిల్లనమ్మా తీసుకెళ్ళేది?" అని అత్తగారు అడిగెను. పిల్ల మామ్మ చీర చాటున దాగెను.

ఈ ఇంట దుష్టులు లేరు. చిక్కంతయు అందే ఉన్నది. బౌద్ధ జాతక కథలలో మహోషధ పండితుడు, ఒక బిడ్డకై తగవులాడిన ఇరువురు స్త్రీలను గీతకు ఇరువైపుల నిలిపి బిడ్డను లాగుమనెను. బిడ్డ ఏడ్చినంతనే చేయి విడిచినదే తల్లియని తీర్పు చెప్పెను. యూదుల రాజైన సొలొమోను కథయు ఇట్టిదే. దొంగను పట్టుటకు ఆ పరీక్ష చక్కగా పనికివచ్చును. ఇచ్చట దొంగ లేదు. ఇరువురును కన్నవారే, పెంచినవారే. ఇరువురును లాగుచు ఏడ్తురు. పైగా నేటి వ్యవహారమున చేయి విడిచినవారికి బిడ్డ దక్కును అను భరోసా లేదు. గట్టిగా పట్టుకొని కూర్చున్నవారికే కాలము కలిసివచ్చును.

బసవేశ్వరుని బోధలో ఈ వ్యాజ్యమునకు నేరుగా తీర్పు వెదకుట తగదు. కొలబద్ద మాత్రము దొరకును. దానమునకును దాసోహమునకును ఆయన కల్పించిన భేదమే ఆ కొలబద్ద. దానము చేసినవాడు ఇచ్చితినని తలచును, పుచ్చుకొన్నవాడు ఋణపడును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు, పుచ్చుకొనువాడు ప్రభువు. కాయకమున ఎంత శ్రమపడినను దాని ఫలముపై నాదను ముద్ర వేయుటకు శరణునికి అధికారము లేదు. ఈ మాటను ధాన్యమునకు, ధనమునకు అన్వయించుట వీరశైవులకు అలవాటే. పెంపకమునకు అన్వయించినప్పుడు గొంతు తడబడును. పెంపకము దాసోహమైనచో దానికి రశీదు ఉండదు. మామ్మ "ఐదేండ్లు పెంచితిని" అని లెక్క చూపిననాడు, తల్లి "ఐదేండ్లు సొమ్ము పంపితిని" అని బ్యాంకు కాగితములు పరచిననాడు, రెండును అప్పుపత్రములగును. ఆ అప్పు తీర్చవలసినది మాత్రము ఆరేండ్ల పిల్ల.

అట్లని మామ్మ ప్రేమకు విలువ లేదనుట కాదు. ఆ ప్రేమ ఆ పిల్లకు అన్నము వంటిది. అది మామ్మకు ఉన్న హక్కు కాదు, పిల్లకు ఉన్న హక్కు. ఈ రెండింటి భేదము చిన్నదిగా కనబడును గాని ఆచరణలో మిక్కిలి పెద్దది. మామ్మకు హక్కు ఉన్నదన్నచో ఆమె గెలువవలెను, కోడలు ఓడవలెను. పిల్లకు హక్కు ఉన్నదన్నచో, తల్లి పిల్లను తీసికొనిపోయినను మామ్మ గడప మూయబడకూడదు. మామ్మ యొద్ద ఉన్నను తల్లి ముఖము మరువబడకూడదు.

వీరశైవ సంప్రదాయమున బిడ్డ గర్భమున ఉండగనే లింగధారణ సంస్కారమునకు పాత్రమగును. పుట్టిన పిమ్మట లింగము దాని దేహమునకే కట్టబడును. పెద్దవారి లింగము పెద్దవారిది, పసికందు లింగము పసికందుది. తండ్రి లింగము బిడ్డకు చాలునని గాని, తాత లింగముతో సరిపెట్టవచ్చునని గాని గురువులు చెప్పలేదు. ఊయలలోని శిశువును సైతము స్వతంత్రమైన అంగముగా భావించిన మతమునకు, బిడ్డను పంపకపు ఆస్తిగా చూచుట పొసగదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ ప్రసిద్ధము. శివునకు తల్లి లేదే యని తపించి ఆమె తానే తల్లియై నీళ్ళుపోసి, పాలుపట్టి సాకెను. అమ్మవ్వ యని పేరుపొందెను. కనని తల్లికి అంతటి గౌరవము ఇచ్చిన కవి, పెంచినందుకు శివుడు ఆమె సొంతమయ్యెనని వ్రాయలేదు. అక్క నాగలాంబిక కుమారుడు చెన్నబసవేశ్వరుడు మేనమామయైన బసవేశ్వరుని నీడలో పెరిగినవాడే. కళ్యాణము కల్లోలమైన పిమ్మట తల్లియు కుమారుడును శరణులతో కూడ ఉళవి చేరిరని సంప్రదాయము చెప్పును.

ఇక కాలము సంగతి. తాత్కాలిక సంరక్షణలోని అసలు అధర్మము ఇచ్చటనే దాగియున్నది. బిడ్డ ఎవరి యొద్ద ఉన్నదో వారికి తొందర లేదు. ఒక వాయిదాకు వకీలు రాడు, మరొక వాయిదాకు తాతకు ఒంట్లో బాగుండదు, ఇంకొక వాయిదా వేసవి సెలవులలో పడును. ఈలోగా పిల్ల ఆ ఇంటికి, ఆ బడికి మరింత అలవాటుపడును. తుదకు "ఇన్నాళ్ళు ఇచ్చటనే పెరిగినది, ఇప్పుడు కదల్చుట క్షేమము కాదు" అని వాదింతురు. ఆ వాదము అబద్ధము కాదు. అందే దాని ప్రమాదము. ఇది కన్నవారికిని వర్తించును. బిడ్డ తమ యొద్ద ఉన్నప్పుడు వారాంతపు దర్శనములకు అడ్డుపడుచు ఏండ్లు నెట్టి, "పిల్లవానికి తాతగారు గుర్తే లేరు" అను తల్లిదండ్రులు లేకపోలేదు.

ఆయ్దక్కి మారయ్య కళ్యాణమున నేలరాలిన బియ్యపు గింజలు ఏరి దాసోహము జరుపుచుండెను. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ బియ్యమును పొయ్యిమీద పెట్టలేదు. ఎక్కడ తెచ్చిరో అక్కడనే పోసిరమ్మని భర్తను పంపెను. ఆ గింజలు దొంగిలించినవి కావు, నేలరాలినవే. ఐనను నాటి కాయకమునకు మించినవి. వాయిదాలు గడుపుటవలన పోగైన బిడ్డ మమకారము ఆ ఎక్కువ గింజల వంటిది. న్యాయస్థానము దానిని లెక్కలోనికి తీసికొనవచ్చును, తీసికొనక తప్పకపోవచ్చును. లక్కమ్మ తీసికొనదు.

డెల్టా రైతునకు ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు. నారుమడి పొలమునకు శత్రువు కాదు. లేతనారు నాటిన వారమునకే వేరు తన్నును. తగిన అదను దాటించి మడిలో ముదరబెట్టిన నారు ఎంత పచ్చగా ఉన్నను నాటిన పిమ్మట త్వరగా తిప్పుకొనదు. ఆలస్యమునకు మడిని గాని పొలమును గాని నిందించుట వ్యర్థము, నష్టపోవునది పైరు.

విజయవాడలో మొదలైన ఒక వ్యాజ్యము ఇందుకు సాక్ష్యము. బాలుడు 2006లో జన్మించెను. మూడు నెలలు నిండకమునుపే తండ్రి మరణించెను. తల్లి మరుసటి ఏడు పునర్వివాహము చేసికొనెను. 2008లో తండ్రివైపు అవ్వతాతలు సంరక్షకత్వమునకై విజయవాడ సివిలు న్యాయస్థానమున అర్జీ వేసిరి. 2011లో అర్జీ కొట్టివేయబడినది గాని వారికి మనుమని చూచు అవకాశము పరిమితముగా ఇచ్చిరి. 2014లో హైకోర్టు దానినే ఖాయపరచి, బాలునకు కన్నతండ్రి ఇంటిపేరు తిరిగి పెట్టవలెనని చేర్చినది. ఆ ఇంటిపేరు తగవు సుప్రీంకోర్టు చేరి, సహజ సంరక్షకురాలైన తల్లికే ఇంటిపేరు నిర్ణయించు హక్కు కలదని 2022 జూలై 28న తేలినది. రికార్డులలో తల్లి భర్తను సవతితండ్రి యని చూపుమనుట ఆ బాలుని మనస్సునకు క్రూరమనియు న్యాయమూర్తులు భావించిరి. అర్జీ వేసిననాడు ఒడిలోని బిడ్డ. తీర్పునాటికి పదునారేండ్ల యువకుడు. కొడుకును కోల్పోయిన ముదుసలులకు ఆ ఇంటిపేరు ఎందుకంత ప్రాణమైనదో ఊహించుట కష్టము కాదు. తెలుగు ఇండ్లలో పోయినవాని ఆనవాలు ఇంటిపేరే. ఐనను ఆ బరువును మోయవలసినది బాలుడా అను ప్రశ్న మిగులును.

చేయి విడుచుట అన్నివేళల ధర్మమను భ్రమ కూడ పనికిరాదు. 2008లో కలకత్తానుండి వచ్చిన వ్యాజ్యమున, కూతురి మరణమునకు అల్లునిపై వరకట్న నేరారోపణ ఉండగా, మనుమని తండ్రికి ఇచ్చుటకు మాతామహులు ఒప్పుకొనలేదు. సుప్రీంకోర్టు వారి పక్షమున నిలిచినది. తండ్రిపైనున్న నేరారోపణను, బాలుని ఇష్టమును క్రింది న్యాయస్థానములు తగినట్లు పరిశీలింపలేదనినది. దయయే మూలమని నమ్మినవారు అట్టిచోట "ఎవరి బిడ్డ వారికి" అని తప్పుకొనినచో అది వైరాగ్యము కాదు, పిరికితనము. త్రాగి కొట్టు తండ్రి, బిడ్డను గాలికి వదిలిన తల్లి ఎదురైనప్పుడు అవ్వతాతలు న్యాయస్థానము మెట్లు ఎక్కవలసినదే. రాజోలు మామ్మకును ఆ కలకత్తా తాతకును భేదమేమనగా, ఆయన బిడ్డ ఆపదను చూపెను. ఆమె తన శ్రమను చూపుచున్నది.

మరొక సంగతి దాచుట మంచిది కాదు. పెద్దమనుషులు కూర్చున్న పెక్కు తగవులలో పిల్ల పేరు పైకి వినబడును, కొబ్బరితోట పేరు లోలోన నడచును. చనిపోయిన కొడుకు వాటా పిల్లకు సంక్రమించును. పిల్ల ఎవరి యొద్ద ఉన్నచో తోట వారి అజమాయిషీలో ఉండునని ఇరుపక్షములును తలంతురు. మైనరు స్థిరాస్తిని న్యాయస్థానము అనుమతి లేనిదే సహజ సంరక్షకులును అమ్మరాదని 1956 చట్టమే చెప్పుచున్నది. ఈ ముక్క మొదట చెప్పి, తోటను ప్రక్కకు పెట్టించి, ఆ పిమ్మట పిల్ల మాట ఎత్తు పెద్దలు సగము తగవును గడపలోనే తీర్చగలరు.

తగవు తీరనిచో బిడ్డను న్యాయమూర్తి గదికి పిలుతురు. తెలివి వచ్చిన బిడ్డ ఇష్టమును గమనింపవచ్చునని చట్టమున కలదు. న్యాయమూర్తి మెల్లగనే అడుగును. బిళ్ళలిచ్చి, బడి సంగతులు అడిగి, ఎవరి యొద్ద ఉండుట ఇష్టమో కనుగొనును. ఆ గదిలో బిడ్డ చెప్పబోవు మాటను ముందునాటి రాత్రి ఇంట వల్లె వేయించుట, ఈ వ్యవహారమంతటిలో క్షమింపరానిది. "అమ్మ నిన్ను వదిలి పారిపోయిందని చెప్పు" అని నేర్పిన మామ్మయు, "మామ్మ అన్నం పెట్టలేదని చెప్పు" అని నేర్పిన తల్లియు, వ్యాజ్యము గెలిచినను బిడ్డకు ఒక మనిషిని లేకుండ చేసినవారే. ఆస్తి దస్తావేజును దిద్దుట నేరమని జంకువారు బిడ్డ మనస్సును దిద్దుటకు జంకకున్నారు.

రాజోలు ఇంటికి తిరిగి వచ్చినచో, పిల్ల తల్లి యొద్దకు పోవలసినదే. తల్లి బ్రతికియున్నది, అర్హురాలు, పిల్ల కొరకే పోయి పిల్ల కొరకే వచ్చినది. కాని ఒక్కదినమున ఆటో ఎక్కించుకొని పోవుట అప్పగింత కాదు, ఎత్తుకొనిపోవుటయే. బడి సంవత్సరము ముగియువరకు తల్లియే వచ్చి ఆ ఊర ఉండవచ్చును. శనివారములు ఆమె యొద్ద గడచి, వేసవిలో రాజమహేంద్రవరము చేరి, సంక్రాంతికి పిల్ల మామ్మ ఇంటికి రావచ్చును. ఇట్టి ఏర్పాటును న్యాయస్థానము తాత్కాలిక ఉత్తర్వుగా వ్రాయగలదు; ఇరుపక్షములు ఒప్పుకొన్నచో మరింత తేలికగా వ్రాయగలదు.

ఉత్తర్వులో వ్రాయబడనివి మామ్మ చెప్పవలెను. పిల్ల ఎడమవైపు ఒత్తిగిలి పడుకొనును. చారులో ఎండుమిరపకాయ కనబడినచో అన్నము ముట్టదు. ఉరుము వినబడినప్పుడు చెవులు మూయవలెను, ఊరక దగ్గరకు తీసికొన్నచో చాలదు. పూజవేళ లింగమును అరచేత పట్టుకొని కన్నులు మూసికొనుమన్నచో ఒక కన్ను తెరచి చూచును, కోపపడరాదు. ఈ సంగతులు కోడలు తానై అడుగునంతవరకు అత్తగారు చెప్పరు. అడుగుటకు కోడలికి ఐదేండ్లు అక్కడ లేనితనము ఒప్పుకొనవలసివచ్చును. మొదట నోరు తెరవవలసినది ఆమెయే.